ఉపదేశిగారి గేరు సైకిలు

మా అన్నలు ముగ్గురికీ కర్నూల్లో అంగళ్ళున్నాయి. పెద్దాయనది కిరాణా, రెండో ఆయనది బట్టలు, మూడో ఆయనది ఎరువులు. నాలుగోవాణ్ణి నేను. కొనడానికి వచ్చిన ప్రతివాడితోనూ నవ్వుతూ మాట్లాడాలంటే నాకు ఒళ్ళు మంట. అందుకని చదువు అవగానే కాలువల ఆఫీసులో పటాలు గీసే ఉద్యోగంలో చేరిపోయాను. పెళ్ళిళ్ళలో కొత్తవాళ్ళెవరైనా నన్ను చూపించి అడిగితే మా అన్నలు "మావాడే, గవర్నమెంటులో ఉండాడు" అని మాట తప్పించేవాళ్ళు. పాత సైకిళ్ళు పోగేసి బాగుచేసుకుంటాడనీ, నలభై దాటినా పెళ్ళి చేసుకోలేదనీ చెప్పేవాళ్ళు కాదు. ఆ రెండూ ఒకటే సంగతని మా పెద్ద వదిన నమ్మకం. "ఆ తుప్పు కంపు ఇంట్లో పెట్టుకుంటే ఏ ఆడబిడ్డ అడుగు పెడ్తాది?" అనేది.

నేను వేరే గది తీసుకుని ఉండేవాణ్ణి. గది వెనక రేకుల వసారా ఉండేది, అందులో సైకిళ్ళు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఊళ్ళో ప్రతివాడూ వాయిదాల మీద మోటారు సైకిలు కొంటున్నాడు. పాత సైకిళ్ళు గోడలకు ఆనుకుని ఎండకు ఎండి, చివరికి ఇనుప సామాన్ల కొట్టుకు పోతున్నాయి. నేను అక్కడికి పోయి తెచ్చుకునేవాణ్ణి. అన్ని సైకిళ్ళూ కాదు. లావు టైర్లు, అడ్డంగా తిన్నగా ఉండే హ్యాండిలు, గేర్లు ఉన్న కొండ సైకిళ్ళు మాత్రమే. కాలేజీలో చదివేటప్పుడు ఒక వారపత్రికలో అలాంటి సైకిలు బొమ్మ చూసి, కత్తిరించి, లెక్కల పుస్తకంలో దాచుకున్నాను. మా నాయనను అడిగితే "మనకు కొండలు యాడుండాయిరా?" అన్నాడు. కర్నూలు ఎంత చదునైన ఊరో తెలిసినవాళ్ళకు ఆయన మాటలో తప్పు కనిపించదు.

ఇంటి యజమాని వసారాలోకి తొంగి చూసి "ఏమప్పా, షాపు ఎప్పుడు తెరుస్తాండావు?" అని ఆటపట్టించేవాడు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, లుంగీ కట్టుకుని, కిరసనాయిలు గిన్నెలో బేరింగు గుండ్లు వేసి బ్రష్షుతో కడుగుతూ కూర్చునేవాణ్ణి. సైకిలు అలగదు. మనం అనని మాట అన్నామని ఎవరితోనూ చెప్పదు. దాని తప్పు ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. మనుషులతో నాకెప్పుడూ అలా దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం కష్టంగా ఉండేవి. వీధిలో అందరి ఇళ్ళలోంచీ కూరల వాసనలు, మాటలు వచ్చేవి. నేను రేడియో కొంచెం గట్టిగా పెట్టుకునేవాణ్ణి.

ఇనుప సామాన్ల కొట్టు ముసలాయన సాయిబు. కళ్ళద్దాలకు ఒక వైపు దారం కట్టుకుని ఉండేవాడు. ఒకసారి నన్ను చూడగానే లోపలికి రమ్మని చెయ్యి ఊపాడు.

"మీ కోసమే ఒక పీసు పక్కన పెట్టినా సాబ్. ఇది మన దేశం మాల్ కాదు. ఎత్తి చూడండి, ఎంత తేలిగ్గా ఉండాదో."

ఎత్తి చూశాను. ఒక్క చేత్తో లేచింది. తుప్పు కింద విదేశీ కంపెనీ అక్షరాలు కనిపిస్తున్నాయి. ముందు మూడు పళ్ళచక్రాలున్నాయి. వారపత్రికలో బొమ్మ చూసిన సైకిలు దీని ముందు నకలు. కాని వెనక చక్రం లేదు. చైనును ఒక పళ్ళచక్రం మీది నుంచి ఇంకోదాని మీదికి జరిపే చిన్న గేరు మిషను కూడా లేదు. అది బిగించే చోట ఉత్త బొక్క ఉంది.

ఒక పల్లెలో పాత క్రైస్తవ మిషనరీల బంగళా ఖాళీ చేస్తుంటే ఆ సామానుతో పాటు వచ్చిందని సాయిబు చెప్పాడు. మర్నాడే సెలవు పెట్టి ఆ బంగళాకు పోయాను. అక్కడ మిగిలింది ఒక ముసలి తోటమాలి. గేరు మిషను గురించి ఎంత వివరించినా ఆయనకు అర్థం కాలేదు కాని, సైకిలు అనగానే మొహం విప్పారింది.

"దొర, దొరసాని ఇద్దరూ డాక్టర్లే. చెరొక సైకిలు తెచ్చుకునిరి. రెండూ ఒకటే మాదిరి. పోయేటప్పుడు ఒకటి ఈడ పడేసిరి. ఇంకోటి బద్వేలు పక్క ఉపదేశికి ఇచ్చిపోయిరి. ఆయన మిట్ట మీద పల్లెకు పోయి వాక్యం చెప్తాంటాడు గదా."

ఉపదేశి అంటే పాస్టరు కాదు. పాస్టరు రాలేని పల్లెల్లో ఆదివారం ప్రార్థన జరిపే మనిషి. మిగతా రోజుల్లో ఆయనకూ సేద్యమో కూలిపనో ఉంటుంది. ఈ సంగతులన్నీ నాకు ఆ తర్వాత తెలిశాయి. ఆ రోజు నా చెవిలో పడ్డది ఒకటే మాట, రెండూ ఒకటే మాదిరి అని.

ఫ్రేమును బాగు చేయడానికి ఏడాది పట్టింది. ఉప్పు కాగితంతో తుప్పు గీకాను. సీటు కింద, ఎండ తగలని చోట, బొటనవేలంత మేర అసలు రంగు మిగిలి ఉంది. నీలం కాదు, పచ్చా కాదు. ఆ ముక్కను చూపించి లారీలకు రంగులు వేసే చోట నాలుగుసార్లు కలిపించాను. నాలుగోసారి ఆ రంగులాయన "సార్, మీ ఇంటి ఆడోళ్ళు చీరలకు కూడా ఇంత సతాయించరు" అన్నాడు. మన బోల్టులు దానికి పట్టలేదు. బ్రేకుకు మోపెడ్ క్లచ్చి తీగ కోసి వేశాను. అన్నీ కుదిరాయి. వెనక చక్రం, గేరు మిషను మాత్రం ఎక్కడా దొరకలేదు. వేరే రకానివి ఉన్నాయి, అవి నాకు అక్కర్లేదు. అక్షరం అక్షరం అదే కావాలి. ఇలాంటి పిచ్చి పట్టినవాళ్ళకు తప్ప ఇది ఎవరికీ అర్థం కాదు.

బద్వేలు ఉండేది కడప జిల్లాలో. చివరికి కడపకు బదిలీ అడిగాను. అడిగి కడపకు పోయేవాడు మా ఆఫీసులో అంతవరకూ లేడు. మా ఇంజనీరుగారు కాగితం మీద సంతకం పెడుతూ "ఏమయ్యా, ఆడ ఏమన్నా సంబంధం కుదిరిందా?" అని నవ్వారు. సంబంధమే సార్ అన్నాను.

కడప చేరిన రెండో ఆదివారం బద్వేలు బస్సెక్కాను. అక్కడ చర్చి దగ్గర అడిగితే ఊరి పేరు చెప్పారు. ఆటోలో నలుగురు కూర్చునే చోట తొమ్మిదిమందిమి కూర్చుని పోయాం. పల్లె చివర రేకులు కప్పిన చిన్న ప్రార్థన మందిరం, దాని ముందు వేపచెట్టు, చెట్టుకు ఆనించి నా సైకిలు. నాది అనే అనుకున్నాను, అబద్ధం చెప్పను. రంగు వెలిసిపోయింది. సీటుకు ఎవరో పాత చీర ముక్కతో గలేబు కుట్టారు. వెనక ఎవడో మూటలు పెట్టుకోవడానికి ఇనుప చట్రం వెల్డింగు చేయించాడు. దాన్ని చూసి నా ప్రాణం ఉసూరుమంది. కాని గేరు మిషను మాత్రం నూనె పట్టి, అక్షరాలు చెరగకుండా, కొత్తదానిలా ఉంది. నేను దాని పక్కన గొంతుక్కూర్చుని అక్షరాలు చదువుకున్నాను.

"ఏం సార్, అట్ల చూస్తాండారు?" అని వెనక నుంచి వినబడింది.

అరవై ఏళ్ళ మనిషి. తెల్ల పంచె, తెల్ల చొక్కా, చంకలో బైబిలు. మోకాళ్ళు వంచకుండా పక్కకు ఒరుగుతూ నడుస్తున్నాడు. నేను పాత సైకిళ్ళు బాగు చేస్తానని, ఇలాంటిదే ఒకటి నా దగ్గర ఉందని చెప్పాను. దొరసాని సైకిలా అని ఆయన చాలా సంతోషపడ్డాడు. చచ్చిపోయాడనుకున్న మనిషి బతికే ఉన్నాడని విన్నంత సంతోషం. భోజనం చేసి పోవాల్సిందే అన్నాడు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. మాది కోమట్ల ఇల్లు. మాంసం ముట్టం సరే, కొందరి ఇళ్ళలో మంచినీళ్ళు తాగడం కూడా మా పెద్దవాళ్ళు నేర్పలేదు. ఆయన భార్య చెంబుతో నీళ్ళు తెస్తే దాహం లేదన్నాను. బయట ఎండ మండిపోతోంది. ఆమె ఒక క్షణం నన్ను చూసి, లోపలికి పోయి ఉడకబెట్టిన చెనక్కాయలు పొట్టుతోనే తెచ్చి పెట్టింది. పొట్టు నేనే ఒలుచుకోవచ్చు కదా. ఆమె అంత ఆలోచించిందని నాకు బస్సులో తెలిసొచ్చింది, సిగ్గేసింది. మూడో ఆదివారం నేనే నీళ్ళు అడిగి తాగాను. నాలుగో ఆదివారం రాగి సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి పచ్చడి తిన్నాను. నేను వచ్చే రోజు వాళ్ళు నీసు వండేవాళ్ళు కాదు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు, అలా జరిగిపోయేది.

అలా ఆరు నెలలు ప్రతి ఆదివారం పోయాను. పొద్దున ఊళ్ళో ప్రార్థన ముగించుకుని ఆయన ఇంటికి వచ్చేవాడు. నేను అప్పటికే సైకిలును బోర్లా తిప్పి చైను కడుగుతూ ఉండేవాణ్ణి. ఆయన పానా అందిస్తూ, వానల గురించి, తన రెండెకరాల కందిచేను గురించి, మిట్ట మీద పల్లె గురించి చెప్పేవాడు. ఆ పల్లెకు నాలుగు మైళ్ళు ఏటవాలు దారి, బస్సు లేదు, ఆటో ఎక్కదు. మధ్యాహ్నం మూడింటికి ఆయన అటు బయలుదేరితే నేను ఇటు ఆటో ఎక్కేవాణ్ణి.

"మోకాళ్ళు పాడైనాయి నాయనా," అనేవాడు. "ఈ చిన్న గేరు ఉండబట్టి ఎక్కుతాండా. అది లేకుంటే ఆ ప్రభువే వచ్చి ఎనక నుంచి తోసినా నేను ఎక్కలేను."

అది విన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు విన్నాను. అయినా నా కళ్ళు ఆ గేరు మిషను మీదే ఉండేవి. కడప గదిలో నా సైకిలు రంగు వేసుకుని, మెరుస్తూ, వెనక చక్రం లేకుండా రెండు ఇటుకల మీద నిలబడి ఉంది. ప్రతి ఆదివారం రాత్రి దాన్ని చూస్తే ఇంకొక్కటే, ఇంకొక్కటే అనిపించేది. కోరిక ఎంత పెరిగితే అంత న్యాయంగా కనిపిస్తుంది. ఆయనకు అది ఎక్కడం దిగడం కోసం. నాకు దాని విలువ తెలుసు. తెలిసినవాడి దగ్గర ఉండాలి కదా, అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ఎండాకాలం మొదట్లో ఒక ఆదివారం, చైను కడిగి చేతులు తుడుచుకుంటూ ఆయనకు అబద్ధం చెప్పాను. దీని స్ప్రింగు వదులైపోయిందన్నాను. దిగేటప్పుడు ఏ రోజైనా ఇది చక్రం పుల్లల్లో ఇరుక్కుంటుంది, మిమ్మల్ని రాళ్ళలో పడేస్తుందన్నాను. ఇది తీసేసి కొత్త చక్రం, కొత్త టైర్లు, కొత్త బ్రేకులు నేనే వేయిస్తానన్నాను. ఒకటే గేరు ఉంటుంది కాని గట్టిగా ఉంటుందని కూడా అన్నాను. వ్యాపారం చేతకాదని ఇంట్లోంచి వచ్చేసినవాణ్ణి. ఆ రోజు మా అన్నలు ముగ్గురి కన్నా బాగా మాట్లాడాను.

ఆయన గేరు మిషనును కాసేపు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"నీకు తెలిసినంత నాకు తెల్దు నాయనా. నువ్వు చెప్తే సరే."

ఆయన భార్య గడప దగ్గర నిలబడి ఉంది. ఆమె నేను తిన్న పళ్ళెం తీసుకుని లోపలికి పోయింది.

తర్వాతి వారం కొత్త సామాను తెచ్చి బిగించాను. ముందు మూడు పళ్ళచక్రాలను అలాగే వదిలి, చైనును మధ్యదాని మీద వేశాను. పని బాగా చేశాను, ఆ విషయంలో నన్ను ఎవరూ తప్పుపట్టలేరు. పాత వెనక చక్రాన్ని, గేరు మిషనును గోనెసంచిలో కట్టుకున్నాను. ఆయన ఆటో దాకా వచ్చి సంచి లోపల పెట్టాడు. "వచ్చే వారం వస్తావు గదా" అన్నాడు. వస్తానన్నాను.

పోలేదు. ఆ వారం చక్రం బిగించాలి. పై వారం తీగలు సరిచేయాలి. ఆ పై వారం పోవచ్చు కాని, పోతే ఆయన ఆ మిట్ట ఎలా ఎక్కుతున్నాడో చూడాల్సి వస్తుంది. తర్వాత ఇన్ని వారాలు పోనివాణ్ణి ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోవాలి అనిపించింది. ఇలా ఏడాది గడిచింది. వాళ్ళకు ఫోను లేదు. నా చిరునామా వాళ్ళకు తెలియదు, నేనెప్పుడూ చెప్పలేదు.

సైకిలు పూర్తయింది. ఎంత బాగా వచ్చిందంటే, మొదటి రోజు దాని ముందు పీట వేసుకుని కూర్చుని కాఫీ తాగాను. ఎవరికైనా చూపించాలనిపించింది. చూపించదగ్గ మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆయనకు చూపించలేను. ఆఫీసులో ఒకరికి చెబితే "ఇంత ఖర్చులో సెకండ్‌ హ్యాండ్‌ స్కూటరు వచ్చేది గదన్నా" అన్నాడు. దానికి బట్ట కప్పాను. ఆదివారం మధ్యాహ్నాలు మళ్ళీ మొదటి లాగే అయ్యాయి. మొదటి కన్నా అన్యాయంగా అయ్యాయి, ఎందుకంటే మధ్యలో ఆరు నెలలు అవి అలా లేవు. కడపలో ఇంక పనేముందని మళ్ళీ కర్నూలుకు బదిలీ పెట్టుకుని వచ్చేశాను.

రెండో ఏడు చలికాలంలో, ఎందుకో బుద్ధి పుట్టి, సైకిలును బస్సు టాపు మీద వేయించుకుని ఆత్మకూరు పోయాను. అక్కడి నుంచి శ్రీశైలం వైపు అడవిలో దారి ఎత్తెక్కుతుంది. అంతవరకూ నేను ఆ సైకిలును చదును రోడ్డు మీద తప్ప తొక్కలేదు. ఎత్తు మొదలు కాగానే తొడలు పట్టేశాయి, ఊపిరి ఆడలేదు. దిగి తోసుకుంటూ పోదామనుకుని, అసలు ఇదెందుకుందో చూద్దామని అన్నిటికన్నా చిన్న గేరుకు జరిపాను. గేరు మిషను మెత్తగా కదిలింది. కాళ్ళ కింద బరువు ఉన్నట్టుండి తగ్గిపోయింది. మనిషి నడిచినంత మెల్లగానే, కాని ఆగకుండా, ఆయాసం లేకుండా మిట్ట ఎక్కేస్తున్నాను. నా మోకాళ్ళకు నలభై నాలుగేళ్ళు. వాటికే ఇంత సుఖంగా ఉంది. రోడ్డు పక్కన సైకిలు ఆపి ఒక రాయి మీద కూర్చున్నాను. ఆయన చెప్పిన మాట నేను చెవులతో విన్నాను, అర్థమైంది ఆ రోజే. ఏడ్చాను. ఎవరూ లేరు కాబట్టి గట్టిగానే ఏడ్చాను.

ఇంటికి వచ్చి ఆ రాత్రే విప్పేశాను. వెనక చక్రం, గేరు మిషను, దాని తీగ, మీట, అన్నీ వార్తాపత్రికల్లో చుట్టాను. ఆ ఆదివారం బద్వేలు పోయాను.

ఆయన అరుగు మీద మంచం వేసుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూడగానే లేచి కూర్చోబోయి, రెండుసార్లు ప్రయత్నించి, మూడోసారి లేచాడు. సైకిలు చూరు కింద దుమ్ము పట్టి వేలాడుతోంది. నేను వేయించిన కొత్త టైర్ల మీద బొడిపెలు ఇంకా అరగలేదు.

"రా నాయనా, రా. ఎన్నాళ్ళకు" అన్నాడు. ఎందుకు రాలేదని అడగలేదు.

సంచి విప్పి ఆయన ముందు పెట్టాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి. "స్ప్రింగు బాగానే ఉండేది. నేను అబద్ధం చెప్పాను" అన్నాను.

"తెలుసు."

నేను తలెత్తి చూశాను.

"పదేండ్లు దాన్ని తొక్కినోన్ని నేను. దాని స్ప్రింగు ఎట్లుండాదో నాకు తెల్దా నాయనా?"

"మరి ఎందుకిచ్చారు?"

ఆయన మోకాలు నిమురుకున్నాడు. "నువ్వు శానా వారాలు అడగలేక అడగలేక దాని చుట్టే తిరుగుతాంటివి. నీకెవరూ లేరు గదా అని మేము అనుకుంటాంటిమి. ఇయ్యకుంటే మనసులో పెట్టుకుని రావడం మానేస్తాడేమో అంటి నేను. ఇస్తే రాడని ఆమె అనె."

ఆమె గడపలోనే నిలబడి ఉంది. "ఆదివారం నీకని ఒక ముద్ద ఎక్కువ చేస్తాంటిని," అంది. "ఉగాది పోయినాక మానుకుంటి."

నాకెవరూ లేరన్న మాటను నేను కర్నూలంతా, కడపంతా మోసుకుని తిరిగాను. ఆ మాట మీద నాకు కొంచెం గర్వం కూడా ఉండేది. అదే సమయంలో ఒక ఇంట్లో నా వంతు సంగటి వండి, చల్లారబెట్టి, చివరికి ఎవరికో పెట్టేవాళ్ళు. పానా తీసుకుని సైకిలును చూరు నుంచి దించాను. పాత చక్రం బిగించాను, తీగ లాగాను, గేర్లు సరిచేశాను. ఆయన మంచం మీద నుంచే ఒక్కొక్కటీ అందించాడు. పని అయ్యాక ఇంక ఎక్కండి అన్నాను.

ఆయన నవ్వాడు. "మోకాలు ఇప్పుడు వంగదు నాయనా. సీటు మీదికి కాలు ఎత్తలేను. మొదట్లో కొన్నాళ్ళు తోసుకుంటా పోతి. మళ్ళ కట్టె పట్టుకుని నడిచి పోతి. ఈ వానలప్పుడు మానుకుంటి." సైకిలు వైపు చెయ్యి చూపించి, "నువ్వు పోయి చూసిరా. ఆ పైనోళ్ళు ఎట్లుండారో, ఏమో. అయ్య అడిగినాడని చెప్పు" అన్నాడు.

నేను ఏ ప్రార్థనా తెలియనివాణ్ణి. అయినా ఆయన సైకిలెక్కి పోయాను. కంకర దారి, రెండు వైపులా ముళ్ళ కంపలు, ఎక్కడా నీడ లేదు. చిన్న గేరులో గంటకు పైగా పట్టింది. ఆయన ఈ దారిని ప్రతి ఆదివారం పదేళ్ళు తొక్కాడు. పైన ముప్పై ఇళ్ళుంటాయేమో. మొదటి ఇంటి ముందు ఒక పెద్దామె చేటతో కందులు చెరుగుతోంది. వెనక చక్రం టిక్కు టిక్కుమనే చప్పుడు విని, తల కూడా ఎత్తకుండా లోపలికి కేకేసింది.

"మేయ్, అయ్య వచ్చినాడు, చాప ఎయ్యి."

పక్క ఇళ్ళలోంచి ముగ్గురు నలుగురు బయటికొచ్చారు. ఒకతను గబగబా చొక్కా తొడుక్కుంటున్నాడు. అందరూ సైకిలును చూశారు, తర్వాత నన్ను చూశారు, తర్వాత నా వెనక దారిని చూశారు.

"అయ్య యాడ?" అంది పెద్దామె.

ఆయనకు మోకాళ్ళు నొప్పులనీ, అందుకే రాలేకపోతున్నాడనీ, మిమ్మల్ని అడిగాడనీ చెప్పాను.

"నొప్పులు ఎప్పుడూ ఉండేవే గదా. గేరు సైకిలు మీద వస్తాండె గదా, మళ్ళ కట్టె పట్టుకుని ఎందుకు నడిచి రాబట్టె?" అంది. నన్ను తప్పుపట్టడానికి కాదు, ఆమెకు నిజంగానే అర్థం కాక అడిగింది.

"గేరు రెండేళ్ళు నా దగ్గర ఉండింది" అన్నాను.

ఆమె చేట కింద పెట్టి నన్ను కింద నుంచి పైదాకా చూసింది. ఇస్త్రీ ప్యాంటు, టక్కు చేసిన చొక్కా, చేతులకు గ్రీజు.

"నీకు గేరేంటికప్పా? నువ్వు యాడికి పోవాల?"

"యాడికీ లేదమ్మా" అన్నాను.

లోపలి నుంచి ఎవరో చాప తెచ్చి నేల మీద పరిచారు. ఆయన కోసం తెచ్చిన చాప అది. ఆమె దాని వైపు చెయ్యి చూపించి, కూచో అంది.